జీపు మెత్తబడాలంటే కమాన్లు పీకడమే మార్గమా?

(మా గ్రామీణ విలేఖరి)

సీతాఫల్‌మండి: "బండి మెత్తగ కావాలె అంటున్నవ్, మంచిదే అల్లుడా. గని ఎవరికి మెత్తగ? ఎందరు కూసుంటె మెత్తగ? ముందుగాల గది చెప్పు."

సికింద్రాబాద్‌లోని సీతాఫల్‌మండిలో తన ఇంటి ముందు, మా జీపు కింద తల పెట్టి మా మేనమామ అడిగిన ప్రశ్న ఇది. ఆ పూట నా దగ్గర జవాబు లేకపోయింది. సిద్దిపేట జిల్లా పల్లెల్లో పాత జీపులు ఉంచుకున్న రైతు సోదరులు చాలామంది ఉన్నారు. వారు కూడా మేస్త్రీ దగ్గరకు పోయే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలని, నా అనుభవాన్ని దాచకుండా ఇక్కడ రాస్తున్నాను.

మా మామ రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. సీతాఫల్‌మండికి సమీపానే ఉన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893లో, నిజాం రాజ్యపు రైల్వే కాలంలో మొదలైనది. ఈ చుట్టుపక్కల గల్లీలలో ఆ వర్క్‌షాపు కూడు తిన్న కుటుంబాలు ఎన్నో ఉన్నవి. ఇనుము వంగడం, విరగడం, తుప్పు పట్టడం గురించి ఈ వాడలో చెప్పేవారికి కొదవ లేదు.

సమితి జీపు కథ

జీపు పుట్టింది పల్లె కోసం కాదు, యుద్ధం కోసం. 1940, 41లలో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని కోరగా ఇది తయారైంది. యుద్ధం ముగిసిన తరువాత అదే బండి పొలం పనులకు మారింది. మన దేశంలో మహీంద్రా కంపెనీ వారు 1940ల చివరనే బొంబాయిలో వీటిని బిగించడం మొదలుపెట్టారు. తహసీల్దారు వచ్చినా, బ్లాకు ఆఫీసరు వచ్చినా, ఎన్నికల మైకు వచ్చినా ఒకనాడు మన ఊళ్లకు వచ్చింది జీపే.

మా జీపు 1972 నాటిది. పంచాయతీ సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చిన తరువాత మూలన పడిన బండిని మా బాపు వేలంలో కొన్నాడు. నేటికీ మా ఊరిలో దాన్ని "సమితి జీపు" అనే పిలుస్తారు. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా, అంబులెన్సు చేరేలోపు మా వాకిట్లోకే వస్తారు. కనుక ఇది మాకు ముచ్చట వస్తువు కాదు, అవసరం.

అయితే ఈ జీపులో కూర్చున్నవారి నడుము గతి పాఠకులకు తెలియనిది కాదు. ఖాళీగా పోతున్నప్పుడు చిన్న గుంతకు కూడా ఎగిరి పడుతుంది. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ నడుమ దూరం 80 అంగుళాలు మాత్రమే. ముందు చక్రం గుంతలో లేచి కుదుటపడేలోపే వెనుక చక్రం అదే గుంతలో పడుతుంది. గుర్రం దౌడు తీసినట్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది.

నేను చేసిన పొరపాటు

మా అవ్వకు నడుములో డిస్కు జారింది. ఆమె కోసం జీపును మెత్త చేయించాలనుకొని, రెండేళ్ల కిందట రోడ్డు పక్కన ఒక చిన్న షెడ్డుకు పోయాను. అక్కడ సులువైన ఉపాయం దొరికింది. కమాన్ కట్టలో పట్టీలు ఎక్కువ ఉన్నందువల్లనే గట్టిగా ఉందనీ, ఒక్కొక్క కట్టలో మూడేసి పట్టీలు తీసేస్తే కారు లెక్క పోతుందనీ అన్నారు. తీయించాను. తప్పు ఆ షెడ్డు వారిది మాత్రమే అనను. తీయమని డబ్బిచ్చింది నేనే.

నాలుగు రోజులు బండి ఉయ్యాల లాగా ఉంది. అవ్వ సంతోషించింది. ఆ తరువాత సంక్రాంతి దాటి కొమురవెల్లి మల్లన్న జాతరకు పదిమందిమి ఎక్కాము. ఒక కల్వర్టు దిగుతుండగా "ధన్"మని చప్పుడు వచ్చి, యాక్సిల్ పోయి చాసిస్‌కు కొట్టుకుంది. ఎడమవైపు కట్టలోని పెద్ద పట్టీ విరిగింది. యాక్సిల్ ఒక పక్కకు జరిగి, స్టీరింగు తిప్పినా వినకుండా బండి చెరువు కట్ట వైపు లాగింది. వేగం తక్కువ ఉన్నందున ఆగింది. ఒక పెద్దమ్మ పెదవి చిట్లింది. అంతటితో పోయింది. కానీ ఆ కట్టకు అవతల నీళ్లున్నవి. ఇప్పటికీ ఆ మలుపు దాటుతున్నప్పుడు నా చేతులు చల్లబడతాయి.

భయపడి ఈసారి రెండో తప్పు చేశాను. సరుకుల బండికి వేసే లావు పట్టీలతో కొత్త కట్టలు వేయించాను. బండి విరగలేదు, కానీ రాయి అయిపోయింది. ఈ ఏడు అవ్వను పరీక్షల కోసం అందులోనే సీతాఫల్‌మండికి తెచ్చాను. దిగి గోడ పట్టుకొని నిలబడి, "ఇగ నేను చచ్చినా ఈ బండి ఎక్క బిడ్డా, బస్సులనే పోత" అన్నది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది నా పని. అప్పుడు మా మామ చాప పరచుకొని జీపు కిందకు దూరాడు.

కమాను చేసే పని ఏమిటి?

జట్కా బండి ఎక్కిన పెద్దలకు కమాను సంగతి కొత్త కాదు. ఎడ్లబండికి అది లేదు. అందుకే గడ్డి పరచుకొని కూర్చునేవారు. జట్కాకు ఉన్న కమాన్లనే లావు చేసి జీపుకు పెట్టారు. పొడుగు పట్టీ పైన, పొట్టి పట్టీలు కింద వరుసగా పేర్చి, నడుమ సెంటర్ బోల్టు వేసి, యూ బోల్టులతో యాక్సిల్‌కు బిగిస్తారు. ఇది మూడు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, గుంతను మింగుతుంది, యాక్సిల్‌ను దాని చోటు నుండి కదలకుండా పట్టుకుంటుంది. పట్టీలు పీకినవాడు మొదటి రెండింటిని గూర్చే ఆలోచిస్తాడు. మూడవది మరచిపోతాడు. మా బండి చెరువు వైపు లాగింది ఆ మూడవ పని చెడినందువల్లనే.

తక్కువ పట్టీలంటే మెత్తన, ఎక్కువ పట్టీలంటే గట్టి అనుకోవడం సగం నిజమే. పట్టీ మందం రెట్టింపైతే దాని గట్టితనం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందువల్ల లావుపాటి నాలుగు పట్టీల కంటె సన్నని ఎనిమిది పట్టీలు మెత్తగా ఉండగలవు. పొడవు సంగతి కూడా అంతే. కమాను పొడవు పదో వంతు పెరిగితే గట్టితనం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. అయితే జీపు చాసిస్ పొట్టిది కాబట్టి పొడవు పెంచేందుకు చోటు తక్కువ.

టేపుతో కొలిచే లెక్క

మామ చెప్పిన ఒక లెక్క ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. బండి సమతలం మీద నిలిపి, చాసిస్‌కూ యాక్సిల్‌కూ నడుమ దూరం టేపుతో కొలవాలి. తరువాత చాసిస్ కింద జాకీ పెట్టి, చక్రం నేల విడిచేటంత వరకు ఎత్తి మళ్లీ కొలవాలి. రెండింటి తేడా ఎంతో, బండి తన బరువుకు కమాను మీద అంత దిగి కూర్చున్నట్లు లెక్క.

ఒక అంగుళం మాత్రమే దిగితే బండి నిమిషానికి దాదాపు 188 సార్లు ఊగుతుంది. నాలుగు అంగుళాలు దిగితే అది 94కు, అంటే సగానికి తగ్గుతుంది. మనిషి ఒంటికి నిమిషానికి 60 నుండి 90 సార్ల ఊపు నప్పుతుంది. అది మన నడక లయకు దగ్గర. అంతకు మించితే ఊపు కాదు, కుదుపు. మా జీపు లావు పట్టీల మీద ఒకటిన్నర అంగుళం మాత్రమే దిగింది. అంటే 150 పైమాటే. అవ్వ బాధకు కారణం టేపు మీదనే కనబడింది.

అలాగైతే ఇంకా మెత్తటివి వేయవచ్చు కదా అని అడిగాను. మామ యాక్సిల్ పైన ఉన్న రబ్బరు దిమ్మెను చూపించాడు. "మెత్తగ కావాలంటె దిగెటందుకు జాగ గావాలె. నీ బండికి ఈడ జానెడు కూడ లేదు. ఖాళీ బండికే నాలుగంగుళాలు దిగిందనుకో, పదిమంది ఎక్కితె ఇంకేడికి దిగుతది? ఈ దిమ్మెకే కొట్టుకుంటది. దిమ్మెకు కొట్టుకున్నంక కమాను ఉన్నా లేనట్టే" అన్నాడు.

అసలు విషయం ఇదే. మెత్తదనం అనేది కిందకు దిగే చోటుతో కొనుక్కోవలసిన వస్తువు. చోటు లేని బండిలో మితిమీరిన మెత్తదనం, బరువు ఎక్కిన రోజున అన్నింటికంటె పెద్ద దెబ్బ అవుతుంది. ఖాళీ జీపు బరువు సుమారు ఒక టన్ను. పదిమంది ఎక్కితే సగం టన్ను పైన తోడవుతుంది. అందుకే "ఎందరికి మెత్తగ?" అని మామ మొదటే అడిగాడు.

గట్టిదనం ఎక్కడి నుండి వస్తున్నది?

కమాన్లు మార్చే ముందు చూడవలసినవి వేరే ఉన్నవి. వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు.

ఒకటి, టైర్లలో గాలి. మా టైర్లలో 40 పౌండ్లకు పైగా ఉన్నది. పంక్చరు దుకాణంలో అడగకుండానే అంత కొట్టారు. పాత జీపు 6.00-16 టైర్లకు మామూలు బరువు మీద 30 పౌండ్ల లోపు సరిపోతుంది. గాలి సరిచేయగానే బండిలో తేడా తెలిసింది. అయితే బరువు వేసిన రోజున మరీ తక్కువ గాలితో పోరాదు.

రెండు, పట్టీల నడుమ తుప్పు. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారితేనే కమాను వంగుతుంది. తుప్పు పట్టి అతుక్కుంటే అన్నీ కలిసి ఒకే దిమ్మెగా మారతాయి. చిన్న కుదుపులన్నీ నేరుగా సీటులోకి వస్తాయి. కట్ట విప్పి, తుప్పు గీకి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పూసి బిగించాలి.

మూడు, షాకిళ్లు, బుష్షులు. గ్రీజు నిప్పిళ్లు మట్టితో పూడిపోయి ఏళ్లయింది. షాకిలు కదలకుండా పట్టేసి ఉంటే కమాను పొడవుగా సాగలేదు. సాగలేని కమాను వంగలేదు. చప్పుడు వస్తున్నదని బోల్టులు మితిమీరి బిగించినా ఇదే జరుగుతుంది.

నాలుగు, షాకబ్జార్బర్లు. ఇవి బరువు మోయవు, ఊపును ఆపుతాయి. మావి నూనె కారి ఖాళీ డబ్బాలైనవి. పట్టీలకు గ్రీజు పూసిన తరువాత వాటి నడుమ రాపిడి తగ్గుతుంది కాబట్టి, మంచి షాకబ్జార్బర్లు లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. అవి మరీ గట్టివి వేసినా నడుముకు శిక్షే.

ఐదు, సీటు. లోపలి స్పాంజి నలిగి రేకు తగులుతుంటే కమాన్లను తిట్టి ఏమి లాభం?

ఎంచుకోవలసినవి ఏవి?

ఇవన్నీ చూసుకున్న తరువాత కమాన్ల వంతు వస్తుంది. నాకు మూడు దారులు కనిపించినవి.

మొదటిది, కంపెనీ కొలత ప్రకారం పాత కట్టలను బాగు చేయించడం. విరిగిన పట్టీ మార్చి, వాలిపోయిన పట్టీలకు వంపు తిరిగి తెప్పించాలి. వంపును చల్లగా సుత్తితో కొట్టి వదిలేస్తే కొద్దినాళ్లకే వాలిపోతుంది. కొలిమిలో కాచి, నూనెలో ముంచి, మళ్లీ తగిన వేడికి తెచ్చి పదును నిలపాలి. ఇది తెలిసిన చేతికే పని ఇవ్వాలి.

రెండవది, పారాబోలిక్ కమాన్లు. వీటిలో పట్టీలు రెండో మూడో ఉంటాయి. ప్రతి పట్టీ నడుమ లావుగా, కొసలకు సన్నగా ఉంటుంది. పట్టీలు నడుమనూ కొసలనూ మాత్రమే తాకుతాయి కాబట్టి రాపిడి తక్కువ, మెత్తదనం ఎక్కువ. మన బండి కొలతకూ బరువుకూ సరిగ్గా చేసినవి దొరికి, వాటికి తగిన షాకబ్జార్బర్లు కూడా వేస్తే ఇవి మంచివే. పాత కట్టలోంచి పట్టీలు పీకి "ఇవీ అటువంటివే" అంటే నమ్మరాదు. రెండింటికీ పేరులో తప్ప పోలిక లేదు.

మూడవది, కమాన్లు తీసి చుట్ట స్ప్రింగులు పెట్టించడం. ఇంగ్లండులో రేంజ్ రోవర్ 1970లోనే ఇలా వచ్చి, గుట్టల్లో తిరిగే బండి కూడా మెత్తగా ఉండవచ్చునని చూపింది. మహీంద్రా వారి థార్ 2020లో వెనుక కూడా చుట్ట స్ప్రింగులతో వచ్చింది. కాని ఆ బండ్లను మొదటి నుండీ ఆ విధంగానే గీశారు. చుట్ట స్ప్రింగు బరువు మోస్తుందే తప్ప యాక్సిల్‌ను పట్టుకోలేదు. దానికి వేరే కడ్డీలు, బ్రాకెట్లు చాసిస్‌కు అతకాలి. యాభై ఏళ్ల చాసిస్‌కు ఊరి వెల్డింగుతో అవి అతికిస్తే, ఏదో ఒక రోజు అతుకు ఊడితే, ఎవరు బాధ్యులు?

చట్టం మాట కూడా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనినే గట్టిగా చెప్పింది. చాసిస్ కోసే పని ఏదైనా రవాణా శాఖ వారిని అడగకుండా చేయవద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వద్ద చిక్కు వస్తుంది.

మరొక విషయం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాల నియమాలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండ్లకు "వి.ఏ." అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. పేరు గొప్పగానే ఉంటుంది. కాని ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకునేందుకు తప్ప రోజూ రోడ్డు మీద తిప్పరాదు. జీపుతో పని ఉన్న రైతు ఈ మోజులో పడకుండా, మామూలు రిజిస్ట్రేషనునే సకాలంలో రెన్యూవల్ చేయించుకోవడం మేలు.

కింద పట్టా సంగతి

మామ ఇంటి దగ్గర కూర్చుంటే రైళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఎం.ఎం.టి.ఎస్. బండి పోతుంటే ఆయన అన్న మాట ఇది: "రైలు డబ్బ మెత్తగ పోతదంటె స్ప్రింగుల మహిమ ఒక్కటే అనుకున్నవా? స్ప్రింగు పక్కన నూనె డ్యాష్‌పాట్లు ఉంటయి. కింద పట్టా సాపుగ ఉంటది. పట్టా చెడితె ఎంత మంచి డబ్బైనా దునుకుతది."

మన పట్టా మన రోడ్డే. మా బండి కూలబడిన కల్వర్టు దగ్గర రోడ్డుకూ సిమెంటుకూ నడుమ జానెడు దిగుడు ఉంది. వాన పడిన ప్రతిసారీ మట్టి కొట్టుకుపోయి అది ఇంకా లోతవుతున్నది. అక్కడ నాలుగు తట్టల కంకర పోసి రోలరు తిప్పితే ఎన్ని కమాన్లు, ఎన్ని నడుములు మిగులుతాయో ఆలోచించాలి. కల్వర్టుల దగ్గరి దిగుళ్లనైనా వానాకాలానికి ముందే పూడ్పించాలని పంచాయతీరాజ్, రోడ్లు భవనాల శాఖల అధికారులకు విజ్ఞప్తి. నడిపేవారు కూడా అటువంటి చోట గేరు తగ్గించి నడిపితే సగం మెత్తదనం ఉచితంగా వస్తుంది.

చివరకు ఏమి చేశాము?

పీకించిన పాత పట్టీలు మా కొట్టంలోనే పడి ఉన్నవి. వాటిని తెప్పించి, విరిగిన పెద్ద పట్టీ స్థానంలో కొత్తది చేయించి, మామ ఎరిగిన కొలిమి వద్ద వంపు తెప్పించి, కంపెనీ లెక్క ప్రకారమే కట్టలు బిగించాము. బుష్షులు, షాకబ్జార్బర్లు కొత్తవి. సీటుకు కొత్త స్పాంజి. కొన్ని రోజులు తిరిగిన తరువాత యూ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించాను. ఇది తప్పక చేయాలి. టేపు పెడితే బండి ఇప్పుడు మూడు అంగుళాల దాకా దిగుతున్నది. దిమ్మెకు ఇంకా చోటు మిగిలింది. ఇక మీదట ఆరుగురికి మించి ఎక్కించుకోనని ఇంట్లో మాట ఇచ్చాను. జాతర రోజున ఈ మాట నిలుపుకోవడమే కమాన్ల కంటె కష్టమని నాకు తెలుసు.

జీపు కారు అయిందా? కాలేదు, కాదు కూడా. కాని సీతాఫల్‌మండి నుండి గజ్వేల్ మీదుగా మా ఊరిదాకా అవ్వ ముందు సీటులో కూర్చొని వచ్చింది. నడుమ రెండుసార్లు ఆపమన్నది, అంతే. దిగిన తరువాత గోడ పట్టుకోలేదు. "గిది మంచిగనె ఉంది గని, రేపటి సంది నడుము ఎనుక దిండు పెట్టు" అన్నది.

పాత జీపులున్న సోదరులకు నా మనవి ఒక్కటే. ఎవరు కూర్చుంటారో, ఎంత బరువు ఎక్కుతుందో ముందు తేల్చుకోండి. టేపుతో కొలవండి. తుప్పు గీకండి. గాలి చూడండి. ఆ తరువాతే కమాన్ల మీద చేయి వేయండి. పట్టీలు పీకి తెచ్చుకున్న మెత్తదనం నాలుగు రోజులదే. అయిదో రోజున కల్వర్టు వస్తుంది.